మావయ్య ఛాతీ వాతావరణ కేంద్రం

ఇర్వింగ్, టెక్సాస్
4 నవంబరు 1984

త్రి-బైపాస్ విభూషితులైన దైవాశీర్వాదం మావయ్య గారి పాదపద్మములకు, ఆ పద్మాలకి ఆస్పత్రివాళ్ళిచ్చిన బిగుతు మేజోళ్ళు ఇంకా తొడిగే ఉన్నాయని తెలిసి, మేజోళ్ళ మీదుగానే మేనల్లుడు కృపావరం వందనములు.

మిమ్మల్ని చూసి వచ్చినప్పటి నుంచి నాకు భోజనం సహించడం లేదు. మీ మీద బెంగతో అనుకుని పొంగిపోకండి. అత్తయ్య చేపల పులుసు తిన్న నోటితో రాజ్ వండే బంగాళాదుంపల కూర తినాల్సి వస్తోంది. రాజ్ అంటే మా పై అపార్ట్‌మెంట్ అతను. కొత్తగా పెళ్ళయింది. భార్య విద్య ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు. ఆవిడకి వండే తీరిక లేదు, ఇతనికి వండడం రాదు, తినే ఖర్మ నాది.

అసలు విషయానికొస్తాను. థాంక్స్‌గివింగ్ ఆదివారం మీ షామ్‌బర్గ్ తెలుగు క్రైస్తవ సంఘంలో లేచి, దేవుడిచ్చిన స్వస్థత గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరు సత్యానందం గారు అడిగారనీ, గుంటూరు కాలేజీలో వ్యాసరచనకి ప్రైజులు కొట్టినవాణ్ణి కాబట్టి అది నేనే రాసి పంపాలనీ ఆజ్ఞ అయింది. రాశాను. మూడు పేజీలు జతపరిచాను. 'సర్జను నా ఛాతీ ఎముకని రంపంతో నిలువునా కోసి స్టీలు తీగలతో కట్టాడు. తీగ చుట్టింది అతడు, ముడి వేసింది దేవుడు' అన్నది నా మనసుకి బాగా నచ్చిన వాక్యం. మూడో పేజీ మాత్రం మిమ్మల్ని నవ్వించడానికి రాసింది. 'ఈ రోజు నా ఒంట్లో ఆవగింజంత నొప్పి లేదు. పదిమంది మోసే బరువు ఒక్కణ్ణే మోస్తాను. ఇంకా నొప్పి ఉందనేవాడు స్వస్థతను నమ్మనివాడే!' అచ్చం సత్యానందం గారి గొంతే కదూ? అది రాసి బల్ల మీద తలపెట్టి నవ్వుకున్నాను. మీరూ నవ్వుకుని ఆ పేజీ కొట్టేసి మిగతాది చదవండి.

ఒక మాట అత్తయ్యకి చెప్పకండి. మంచం మీద మీరు అచ్చం కోసి, కుట్టి, ఓవెన్‌లో పెట్టడం మరిచిపోయిన టర్కీ కోడిలా ఉన్నారు.

విధేయుడు, ఆకలిగొన్నవాడు,
వరం


షామ్‌బర్గ్, ఇల్లినాయ్
27 నవంబరు 1984

ఒరేయ్ వరం,

దీవెనలు. టర్కీ మాట అత్తయ్య చదివింది. ఇకమీదట నీ ఉత్తరాలు ముట్టుకోనంది. ఎర్రగా కాల్చిన ఇనుములా ఉంది, ఓ ఏడాది దాకా ఎదురుపడకు.

నీ సాక్ష్యం మొత్తం చదివాను. మూడో పేజీ కొట్టేద్దామని గీతలు గీసిన మాట నిజమే. కానీ గీతల కింద నుంచి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి, ఎదురుగా జనం ఏడుస్తున్నారు, నోరు ఆగలేదు. వరం, పదకొండేళ్ళుగా ఆ హాల్లో మడత కుర్చీలు వేసేదీ తీసేదీ నేనే. నేను ప్రార్థన చేస్తే జనం ఒక కన్ను తెరిచి గడియారం చూసేవారు. మొన్న ఆరాధన అయ్యాక వరస కట్టి నా చేతులు పట్టుకున్నారు. సత్యానందం అంతా కేసెట్‌లో పట్టాడు. పదిహేను కాపీలు తీయించాడు. ఒకటి న్యూజెర్సీ వాళ్ళకి, రెండు బాపట్లకి వెళ్ళాయి.

మా సంఘంలో లూసీ అనే ఆవిడ మోకాళ్ళ నొప్పులకి ప్రార్థించమని అడిగితే, సత్యానందం ఆ చివరి వాక్యం వేసి వినిపించాడు. లూసీ నా వైపు చూసింది. నేను వంగి మేజోళ్ళు సర్దుకున్నాను.

చిక్కేమిటంటే, నిన్న మంచు పడింది. పడబోయే ముందు రోజంతా ఛాతీ ఎముక నడిమధ్యన సుత్తితో కొట్టినట్టే ఉంది. ఈ ఇంట్లో నొప్పి అనే మాట ఇప్పుడెలా అనగలను? "ఏంటలా గుండె పట్టుకున్నారు?" అంది మీ అత్తయ్య కరుణమ్మ. "వాతావరణం" అన్నాను. అతుక్కునే ఎముకకి చలి ముందే తెలుస్తుంది, అది జబ్బేం కాదు కదా. నువ్వేమంటావు?

మీ మావయ్య


ఇర్వింగ్
9 డిసెంబరు 1984

షామ్‌బర్గ్ ఛాతీ వాతావరణ కేంద్రం ప్రధానాధికారి వారి సముఖమునకు,

మిమ్మల్ని ఈ పదవిలో నియమిస్తూ నేనే సంతకం చేసి, బంగాళాదుంప కోసి ముద్ర చేసి, ఎర్ర సిరాతో వేసిన పత్రం జతచేశాను. గోడకి తగిలించుకోండి.

మూడో పేజీ చదివారని తెలిసి మొదట తల పట్టుకున్నాను. తర్వాత అనుకున్నాను, చర్చిలో ఒక్కసారైనా కాస్త చక్కటి తెలుగు వినబడింది, మంచిదే కదా.

మీ కేంద్రానికి శాస్త్రీయ పట్టిక అవసరం. రాసుకోండి. నొప్పి నడిమధ్యన వస్తే మంచు. కుడివైపు వస్తే వాన. ఎడమవైపు వస్తే సత్యానందం గారి రాక. పక్కకి తిరిగినప్పుడు లోపల టక్‌మంటోందని మొన్న ఫోన్‌లో గొణిగారు కదా, అది ఈదురుగాలి. వరసగా మూడు టక్కులు వినిపిస్తే తుఫాను. సంఘస్థులంతా పాలూ రొట్టే కొని దాచుకోవాలి. టీవీలో చెప్పేవాడికి బోలెడంత యంత్రాంగం కావాలి. మనకి ఆరు తీగలు చాలు.

ఇక్కడ ఎండ మండిపోతోంది. డిసెంబరులో చొక్కా లేకుండా రాజ్ కారు కడుగుతున్నాడు. ఎముక లేని దేశం ఇది.

కేంద్ర సహాయ కార్యదర్శి,
వరం


షామ్‌బర్గ్
31 జనవరి 1985

చిరంజీవి వరానికి,

నువ్వు నవ్వులాటకి పెట్టిన కేంద్రం నిజంగానే నడుస్తోంది. ఈ నెల పద్దెనిమిదిన నడిమధ్యన ఎంత వచ్చిందంటే, సోఫాలోంచి లేవలేకపోయాను. ఆదివారం ఆరాధన పెట్టొద్దని సత్యానందానికి ఫోన్ చేశాను. ఇరవయ్యో తారీఖు ఆదివారం మైనస్ ఇరవై ఏడు! షికాగో పుట్టాక అంత చలి లేదట. "అన్నకి ముందే తెలిసింది" అని ఊరంతా ఒకటే మాట. ఇప్పుడు శనివారం వచ్చిందంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అంకుల్, రేపు కార్ తియ్యొచ్చా?" అని పిల్లలు. "బ్రదర్, మా అబ్బాయి డ్రైవింగ్ టెస్ట్‌కి ఎలా ఉంటుంది?" అని పెద్దలు. నీ పత్రం ఫ్రిజ్ మీద ఉంది. వసంతంలో జరిగే సంఘ పెద్దల ఎన్నికకి నా పేరు ఇచ్చారు. నా పేరురా! ఇన్నాళ్ళూ వాళ్ళకి నా ఇంటిపేరే సరిగా తెలిసేది కాదు.

మొన్న ఆదివారం కుర్చీల బండి తలుపు దగ్గర ఇరుక్కుంది. కుర్రాళ్ళు ఎత్తడానికి వెళ్ళబోతుంటే సత్యానందం అందరి ముందు, "ఆగండాగండి. పదిమంది బరువు ఒక్కడే మోస్తానన్నాడు కదా మా అన్న, ఈ కుర్చీలొక లెక్కా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వుతూ పక్కకి జరిగి దారిచ్చారు. నేనూ నవ్వుతూ ఎత్తాను. లోపల పాత గుడ్డ చినిగినట్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పటి నుంచి దగ్గితే టక్, తుమ్మితే టక్, కారు తలుపు వేస్తే టక్. దగ్గొస్తే దిండు కౌగిలించుకుంటున్నాను. నీ పట్టిక ప్రకారం ఈపాటికి తుఫాను రావాలి. బయట ఎండ కాస్తోంది. పట్టిక సవరించి పంపు.

సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఎలా ఉందన్నాడు. పక్కన కరుణమ్మ ఉంది. ఫైన్ అన్నాను.

మావయ్య


ఇర్వింగ్
6 ఫిబ్రవరి 1985

అత్యవసర ప్రత్యేక బులెటిన్, నంబరు ఒకటి.

సమస్త ప్రజానీకానికి, ముఖ్యంగా షామ్‌బర్గ్‌లో దిండు కౌగిలించుకున్న ఒకానొక పెద్దమనిషికి తెలియజేయడమేమనగా: తమ ఉత్తరం నిన్న రాజ్ ఇంట్లో భోజనాల దగ్గర గట్టిగా చదివి వినిపించాను. రాజ్‌కి నవ్వాగక మజ్జిగ ముక్కులోకి పోయింది. విద్య మాత్రం నవ్వలేదు. గరిటె కింద పెట్టి, ఆ టక్ సంగతి మళ్ళీ చదవమంది.

ఆవిడ తీర్మానం: సదరు ఎముక ముక్కలు రెండూ అతకలేదు, ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి. తీగ తెగి ఉండొచ్చు. చలికి నొప్పి పుట్టడం మామూలే గానీ ఎండలో టక్‌మనడం మామూలు కాదు. కావున అధికారి వారు తక్షణమే సర్జన్ సన్నిధికి ఊరేగింపుగా వెళ్ళి, చొక్కా విప్పి, దగ్గి వినిపించవలెను. కుట్టు దగ్గర ఎరుపు గానీ, తడి గానీ, జ్వరం గానీ కనిపిస్తే ఆ రోజే, ఆ గంటే ఆస్పత్రికి. కుర్చీలు ఎత్తరాదు. బైబిలు కూడా పల్చటిదే పట్టుకోవలెను. ఈ ఆజ్ఞ మీరిన వారికి రాజ్ బంగాళాదుంపల కూర మూడు పూటలా పెట్టబడును.

ఇట్లు,
కార్యదర్శి


షామ్‌బర్గ్
20 ఫిబ్రవరి 1985

ఒరేయ్ వెధవా,

బులెటిన్ అందింది. ఎంత నవ్వానంటే ఛాతీ రెండుగా విడిపోయిందనుకున్నాను. అది యువజనుల కూటంలో చదివించాను. దగ్గి వినిపించవలెను అన్నచోట సత్యానందం కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఆ డాక్టరమ్మ పాత్ర బాగా కుదిరింది. గరిటె కింద పెట్టడం చూస్తే నిజంగా జరిగిందనే అనుకుంటారు.

శనివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు మా ఇంట్లో గృహకూటం, ప్రార్థన నడుస్తోంది. హాల్లో పద్నాలుగుమంది, ఫోనేమో ఆ హాల్లోనే. నువ్వు "ఎముక కదులుతోందా, అవును కాదు చెప్పండి" అంటావు. పద్నాలుగు జతల చెవుల మధ్య ఏం చెప్పమంటావు? హల్లెలూయా అన్నాను. వాళ్ళూ అన్నారు. నువ్వు ఫోన్ పెట్టేశావు. కోపమెందుకురా?

మావయ్య


ఇర్వింగ్
26 ఫిబ్రవరి 1985

మావయ్యా,

ఇందులో జోక్ లేదు. విద్య నిజంగా ఉంది. ఆమె చెప్పింది నిజం. ఎముక అతకకపోతే లోపల చీము పడుతుంది, అది గుండె దాకా వెళుతుంది, మనుషులు పోతారు. దయచేసి సర్జన్‌కి ఫోన్ చేయండి. సాక్ష్యం నేను రాసిన అబద్ధం. దాని కోసం మీరు చావక్కర్లేదు. అత్తయ్యకి కూడా వేరే కవరులో ఇదే రాసి పంపుతున్నాను.

కృపావరం


షామ్‌బర్గ్
10 మార్చి 1985

చిరంజీవి వరానికి,

ఇన్నాళ్ళూ నువ్వు రాసిన వాటిలో ఇదే గొప్పది. ఒక్క నవ్వు మాట లేకుండా, ఎక్కడా కన్ను గీటకుండా! 'దయచేసి' అన్నచోట పొట్ట పట్టుకున్నాను. మా వరం దయచేసి అనడం నా జన్మలో విన్నానా? ఇదొక కొత్త పద్ధతి, దీన్ని వదలకు.

అత్తయ్య పేరున వచ్చిన కవరు ఆవిడ విప్పలేదు. "మీ అల్లుడి వెటకారాలు మీరే చదువుకోండి" అని నా ఒళ్ళో పడేసింది. రెండూ కలిపి దాచాను.

ఈ వారం మంచు మళ్ళీ వచ్చింది. కేంద్రం బాగా పనిచేస్తోంది, ఒక్కరోజూ సెలవు లేదు. బనీనుకి పసుపు మరకలు పడుతున్నాయి. కరుణమ్మ పులుసు మరకలనుకుని సబ్బు నీళ్ళలో నానబెడుతోంది. ఎన్నిక ఏప్రిల్ చివరి వారం.

మావయ్య


షామ్‌బర్గ్
30 ఏప్రిల్ 1985

వరం,

పెన్ను పట్టుకోగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. మెల్లగా చదువు.

పసుపు మరకల ఉత్తరం అందిన రోజే నువ్వు కరుణమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి, వాళ్ళ సూపర్వైజరు మీద అరిచి ఆమెని లైన్‌లోకి పిలిపించావట. ఆ మధ్యాహ్నమే వచ్చి నా చొక్కా విప్పించింది. కారు తాళాలు తీసుకుంది. మర్నాటికి ఆగి ఉంటే ఉండేవాణ్ణి కాదని సర్జన్ చెప్పాడు. నాలుగు తీగలు తెగాయి. ఎముక కుళ్ళింది. దాన్ని తీసేసి, రొమ్ము కండరం పక్క నుంచి లాగి కప్పారు. ఇప్పుడు అక్కడ ఎముక లేదు.

అంటే నన్ను బతికించింది నువ్వు. ఈ సంగతి నీకూ నాకూ కరుణమ్మకీ తెలిస్తే చాలు.

నీ ఫిబ్రవరి ఉత్తరం జోక్ కాదని నాకు మొదటి వాక్యంలోనే తెలిసింది. బులెటిన్ కూడా అంతే. జోక్ అనుకుంటే ఆ రోజుకి సర్జన్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు, అందుకని అనుకున్నాను.

ఇప్పుడు సంఘంలో అడుగుతున్నారు. పూర్తిగా స్వస్థత పొందిన మనిషికి రెండో ఆపరేషన్ ఏమిటని. లూసీ అందరికంటే ముందు అడిగింది, ఆవిడకి ఆ హక్కుంది. సత్యానందం ఆస్పత్రికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. ఫ్రిజ్ మీది నీ పత్రం, పట్టికా వాళ్ళందరూ చూసినవే. 'టక్ అంటే ఈదురుగాలి' అని రాసింది నువ్వు. దేవుడు స్వస్థపరిచాడు, హేళన చేసేవాడి మాట విని నేను ఒళ్ళు నిర్లక్ష్యం చేశాను, అని సత్యానందం అన్నాడు. నేను కాదనలేదు. తర్వాత నేనే రెండుసార్లు అన్నాను.

ఎన్నిక మే పందొమ్మిదికి వాయిదా వేశారు. నీ దగ్గర నుంచి తప్పు ఒప్పుకుంటూ ఒక ఉత్తరం కావాలి. నా సాక్ష్యం నిలబడాలంటే ఎవరో ఒకరు కూలబడాలి. నువ్వు చిన్నవాడివి, దూరాన ఉన్నావు, నీకు అక్కడ తెలుగు సంఘం కూడా లేదు.

సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. సర్జన్‌కి చెప్పలేదు. రెండో స్వస్థత సంగతి సత్యానందం అప్పుడే ప్రకటించాడు.

మావయ్య


ఇర్వింగ్
6 మే 1985

హేళనాచార్య కృపావరం తన బాధితులకు రాయునది:

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి గోడకేసి కొట్టాను. కాగితం కదా, గోడకేం కాలేదు. రెండోసారి విద్యకి చూపించాను. "రాయకు" అంది. మూడోసారి చదివితే, మీరన్నదాంట్లో సగం నిజమేననిపించింది. అదే ఎక్కువ మండుతోంది. ఈదురుగాలి అని నేనే రాశాను. అది రాసినప్పుడు మీరు పక్కకి తిరగలేక తంటాలు పడుతున్నారని నాకు తెలుసు. నవ్వు బాగా వస్తోందని రాశాను. ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మీరు హల్లెలూయా అన్న మర్నాడు ఫ్లైట్ ఎక్కి వచ్చి ఉండాల్సింది. ఆఫీసులో సెలవు దొరకలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సోమవారం ప్రెసిడెంట్స్ డే, సెలవే. రాజ్ వాళ్ళతో శాన్ ఆంటోనియో వెళ్ళి పడవెక్కాను.

కాబట్టి ఒప్పుకోలు రాస్తాను. పంపడం కాదు, పందొమ్మిదిన నేనే వచ్చి అందరి ముందూ నిలబడి చదువుతాను. హేళన చేసినవాణ్ణి అంటాను. నా మాట వల్లే ఎముక పోయిందంటాను. సత్యానందం గారు తల మీద చేతులుంచి ప్రార్థిస్తే వంగుతాను కూడా.

బదులుగా ఒక్కటే అడుగుతున్నాను. నేను వచ్చేలోగా సర్జన్ దగ్గరికి వెళ్ళి జ్వరం ఉందని చెప్పండి. నొప్పి ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళ నుంచి, అంతా చెప్పండి. ఫైన్ అనకండి. మీరు చెప్పకపోతే నేను రాను, చదవను, మీ పదవి మీ ఇష్టం. బేరం ఇది. జోక్ కాదని మొదటి వాక్యంలోనే తెలుస్తుందన్నారుగా.

వరం


షామ్‌బర్గ్
14 మే 1985

చిరంజీవి వరానికి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. సర్జన్ దగ్గరికి పోయిన వారమే వెళ్ళాను. నువ్వు అడగకముందే. కరుణమ్మ థర్మామీటరు నోట్లో పెట్టి, ఎర్ర గీత చూసి, "ఈసారి మీరు ఫైన్ అంటే నేను విధవనవుతాను, ఆ ముక్క ఆయనకి మీరే చెప్పండి" అంది. చెప్పాను. ఆయన వేలితో నొక్కాడు. నేను అరిచిన అరుపుకి పక్క గదిలోంచి నర్సు పరిగెత్తుకొచ్చింది. ఎంత హాయిగా ఉందనుకున్నావు, అలా అరవడం! కండరం కింద ఇంకా కాస్త చీము ఉందట. ఇరవయ్యో తారీఖు సోమవారం మళ్ళీ చేర్చుకుంటారు. శుభ్రం చేసేస్తే బతుకుతానన్నాడు. అందాకా మందు బిళ్ళలిచ్చాడు.

కాబట్టి నీ బేరం చెల్లదు. నువ్వు రాకపోయినా వెళ్ళేవాణ్ణి, వెళ్ళాను కూడా. ఈ సంగతి ఆదివారం అయ్యాక చెబుదామనుకున్నాను. కరుణమ్మ ఇప్పుడే రాయమంది. రాయకపోతే తనే రాస్తానంది.

అయినా రా. వస్తానని నువ్వన్న మాట సత్యానందానికి నిన్ననే చెప్పేశాను. ప్రకటించేశాడు. లూసీ కూడా వస్తోందట.

టై కట్టుకో. గట్టిగా చదువు, మా హాల్లో వెనక వరసలకి వినబడదు. చివర్లో కాస్త ఏడవాలి. ఏడవకపోతే జనం నమ్మరు, అది కూడా నీ వెటకారమే అనుకుంటారు. ఏడుపు రాదేమోనని బెంగ పెట్టుకోకు. ఎముక తీసేసిన చోట చర్మం కింద గుండె కొట్టుకోవడం పైకే కనిపిస్తుంది. నేను మొదటి వరసలో, పైగుండీ విప్పి కూర్చుంటాను. తలెత్తి నా వైపు చూడు, చాలు.

మీ మావయ్య
దైవాశీర్వాదం